గుట్ట దిగేటప్పుడు ఏ చేతి బ్రేకు?

సైకిల్ శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మొదటిది కాస్త పెద్దది. కత్తిరించడానికి మనసొప్పలేదు. ఆయన అడిగినదానికి జవాబు ఆ ఉత్తరంలోనే, పెద్దగా పట్టించుకోకుండా రాసేసిన రెండు మాటల్లో ఉంది.

ప్రశ్న: మాది మియాపూర్. నాకు 34 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్లుగా ఆదివారం పొద్దున ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ ప్యానెళ్ల కప్పు ఉన్న సైకిల్ ట్రాక్ మీద నా గేర్ల సైకిల్ తొక్కుతున్నాను. 40 కిలోమీటర్లు పెద్దగా ఆయాసం లేకుండా వెళ్లొస్తాను. ఇంటర్ నుంచి కలిసి తిరిగిన ఫ్రెండ్ ఒకడు ఆరేళ్లు అమెరికాలో ఉండి ఈ మధ్యే వచ్చేశాడు, వస్తూ వస్తూ అక్కడ కొన్న మౌంటెన్ బైకులు రెండూ తెచ్చుకున్నాడు. "రోడ్డు మీద ఎంత తొక్కినా ఏముంది మామా, ఒక్కసారి గుట్టల్లోకి రా, నీకే తెలుస్తది" అని నెల రోజులు వెంటపడ్డాడు. సరేనని ఒక ఆదివారం వెళ్లాను. కొత్తది వాడు తీసుకుని పాతది నాకిచ్చాడు.

పొద్దున ఐదున్నరకి బయల్దేరాం. గండిపేట అవతల కారు ఆపి, సైకిళ్లు దించుకుని మట్టిదారిలో పడ్డాం. మొదటి గంట ఎంత బాగుందో చెప్పలేను. చల్లగాలి, దారికి రెండు పక్కలా సీతాఫలం పొదలు, ఒకచోట గొర్రెల మంద అడ్డొస్తే దిగి నిలబడ్డాం. "ఏడికి పోతుర్రు బిడ్డా, అటు తొవ్వ లేదు" అన్నాడు మందతో ఉన్న తాత. నిజంగానే లేదు, బండలే ఉన్నాయి. సగం తొక్కుతూ సగం తోస్తూ పైకెక్కాం. పైన కూర్చుని మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర తింటుంటే ఇన్నేళ్లు ఎందుకు రాలేదా అనిపించింది.

దిగేటప్పుడు వాడు ముందు, నేను వెనక. రెండు నిమిషాల్లో కనపడకుండా పోయాడు. వాణ్ని అందుకోవాలని నేనూ వదిలేశాను. ఒక మలుపులో బండ మీద ఇసుక పరుచుకుని ఉంది. స్పీడ్ ఎక్కువైందనిపించింది. ముందు బ్రేకు పట్టకూడదని తెలుసు కాబట్టి కుడిచెయ్యి అసలు కదపలేదు, ఎడమచేత్తో వెనక బ్రేకు మాత్రమే గట్టిగా పట్టాను. ముందు చక్రం సర్రున పక్కకి పోయింది. చెయ్యి చాపి కుడివైపు పడ్డాను, తల బండకి తగిలి హెల్మెట్ చీలింది. మోచేయి చెక్కుకుపోయింది. వాడు పావుగంటకి గాని వెనక్కి రాలేదు. వచ్చి "స్పీడ్‌గా పోతే పడవురా, భయపడితేనే పడతావ్" అన్నాడు. ఆ మాటకి పడినప్పటికంటే ఎక్కువ బాధేసింది.

ఇది జరిగి పన్నెండు రోజులైంది. మోచేయి మానిపోయింది. బొటనవేలి కింద మణికట్టులో నొప్పి ఉంది గానీ ఐస్ పెడుతున్నాను, తగ్గిపోతుందిలెండి. ఇంట్లో మా ఆవిడ హెల్మెట్ చూసినప్పట్నుంచి సైకిల్ మాటెత్తితే గొడవ. నా ప్రశ్నలు: వెనక బ్రేకు పట్టినా ఎందుకు పడ్డాను? నా ఫ్రెండ్ అన్నది నిజమేనా? మళ్లీ వెళ్లొచ్చా?

జవాబు: బ్రేకు సంగతి తర్వాత. ముందు మీ మణికట్టు. బొటనవేలు పైకెత్తి చూడండి, దాని మొదట్లో మణికట్టు పక్కన రెండు నరాల్లాంటి తీగల మధ్య చిన్న గుంట పడుతుంది. ఆ గుంటలో రెండో చేతి వేలితో నొక్కితే నొప్పి పుడుతుంటే ఐస్ పక్కన పెట్టి ఈ రోజే ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. గుంటలో నొప్పి లేకపోయినా, పన్నెండు రోజులకీ తగ్గని నొప్పి కాబట్టి ఎలాగూ చూపించుకోవాల్సిందే. చెయ్యి చాపి పడినవాళ్లకి అక్కడున్న స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక, జీడిపప్పు ఆకారంలో ఉంటుంది, అది విరగడం చాలా మామూలు. పెద్దగా వాపు ఉండదు, చెయ్యి పనిచేస్తూనే ఉంటుంది, అందుకే బెణికిందనుకుని వదిలేస్తారు. ఆ ఎముకకి రక్తం అందే దారి సన్నది, ఒక కొస నుంచి రెండో కొసకి పోతుంది, మధ్యలో విరిగితే అవతలి ముక్కకి రక్తం సరిగా అందక అతుక్కోవడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి అతుక్కోదు కూడా. మొదటి ఎక్స్-రేలో ఇది కనపడకపోవడమూ ఉంది. కాబట్టి ఎక్స్-రే బాగుందన్నా నొప్పి పోకపోతే మళ్లీ అడగండి, రెండు వారాల తర్వాత ఇంకోసారి తీయడమో ఎమ్మారై చేయించడమో వాళ్లే చెబుతారు. నాతో తొక్కే ఒకతను దీన్ని రెండు నెలలు నిర్లక్ష్యం చేసి చివరికి స్క్రూ వేయించుకున్నాడు. మీ ఉత్తరంలో "తగ్గిపోతుందిలెండి" అన్న మాట దగ్గరే నాకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ వచ్చింది.

ఆ హెల్మెట్ కూడా పారేయండి. లోపలి థర్మాకోల్ లాంటి పొర ఒక్క దెబ్బకే నలిగి ఆ దెబ్బని తను తీసుకుంటుంది, రెండోసారి దానికి ఆ శక్తి ఉండదు. మీ ఆవిడ దాన్ని చూసి భయపడ్డారు గానీ, ఆ చీలిక మీ తలకి రాకుండా ఆపిందే అది.

ఇక ఎందుకు పడ్డారు? నా అంచనా, మీరు పట్టింది వెనక బ్రేకు కాదు. మన దగ్గర అమ్మే సైకిళ్లలో మామూలుగా కుడిచేతికి ముందు బ్రేకు, ఎడమచేతికి వెనక బ్రేకు ఉంటాయి, మోటార్‌బైక్ నడిపేవాళ్లకీ కుడిచెయ్యంటే ముందు బ్రేకే. అమెరికాలో అమ్మేవాటికి ఇది తిరగేసి ఉంటుంది: ఎడమది ముందు, కుడిది వెనక. మీ ఫ్రెండ్ అక్కడ కొని తెచ్చిన సైకిల్ మీకిచ్చాడు. రెండేళ్లుగా మీ వేళ్లకి ఎడమ అంటే వెనక అని అలవాటు. ఇసుక మీద, అదీ మలుపులో, ముందు చక్రాన్ని ఒక్కసారిగా బిగించేశారు. మీరు రాసిన గుర్తులు కూడా దానికే సరిపోతున్నాయి. వెనక చక్రం బిగిస్తే తోక ఊగినట్టు వెనకభాగం పక్కకి వస్తుంది, చాలాసార్లు కాలు ఆన్చి నిలబెట్టుకోవచ్చు. ముందు చక్రం జారితే మాత్రం ఆలోచించే టైమ్ కూడా ఉండదు. మీ ఫ్రెండ్ ఆ సైకిల్ మీ చేతిలో పెట్టేటప్పుడు చెప్పాల్సిన మొదటి మాట ఇదే. చెప్పలేదు. కావాలని కాదు, ఆరేళ్ల అలవాటులో అతనికి తట్టి ఉండదు.

తేల్చుకోవడం ఒక్క నిమిషం పని. సైకిల్ పక్కన నడుస్తూ ముందుకి తోస్తూ ఎడమ లివర్ నొక్కండి. వెనక చక్రం గాల్లోకి లేవబోతే ఎడమది ముందు బ్రేకు. వెనక చక్రం బిగిసి ఈడ్చుకొస్తే అది వెనకది. ఎవరి సైకిల్ చేతికి తీసుకున్నా, అద్దెదైనా సరే, ఎక్కేముందు నేను ఇదే చేస్తాను. తిరగేసి ఉన్నవాటిని మార్పించుకోవచ్చు. కేబుల్ బ్రేకులైతే మెకానిక్‌కి చిన్న పని, ఆయిల్ డిస్క్ బ్రేకులైతే గొట్టాలు విప్పి మార్చి లోపలి గాలి తీయాల్సి రావచ్చు కాబట్టి తెలిసినవాళ్ల చేతికే ఇవ్వండి.

"ముందు బ్రేకు పట్టకూడదు" అన్నది కూడా మీరు వదిలేయాల్సిన నమ్మకం. బ్రేకు వేయగానే మనిషి బరువు, సైకిల్ బరువు ముందుకి ఒరుగుతాయి, ముందు చక్రం నేలకి గట్టిగా ఆనుతుంది, వెనకది తేలికైపోతుంది. అందుకే ఆపే బలం ఎక్కువగా ముందు బ్రేకులోనే ఉంది. గుట్ట దిగేటప్పుడు ఒట్టి వెనక బ్రేకునే నమ్ముకుంటే చక్రం బిగిసి జారుకుంటూ పోవడమే తప్ప సైకిల్ ఆగదు. రెండూ వాడాలి, ఒక్కో వేలితో, మెల్లగా పిండినట్టు. ఎక్కడ పిండాలి, ఎక్కడ వదలాలి అన్నదే విద్య.

ఆ విద్య మన హైదరాబాద్ రాయిని చూస్తే వస్తుంది. ఈ గుట్టలు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. ఎండకీ వానకీ పైపొర ఉల్లిపొరలా ఊడుతుంది, ఊడింది నలిగి గరుకు గరుకు రవ్వలా రాలుతుంది, అదే మన మొరం. కిందనున్న పచ్చి బండ పొడిగా ఉంటే దానంత పట్టు తారురోడ్డుకి కూడా ఉండదేమో, టైరు అతుక్కుపోయినట్టు ఉంటుంది. దాని మీద ఈ రవ్వ పడిందా, టైరు కింద గోళీలు పోసినట్టే. ఒకసారి దిగి బండ మీద ఇసుక చేత్తో తీసి వేళ్ల మధ్య నలిపి చూడండి. మెత్తగా ఉండదు, పంచదార పలుకుల్లా మెరుస్తూ కోణాలతో దొర్లుతుంది. చెరువు ఒడ్డు ఇసుకలో చక్రం దిగబడుతుంది, దీని మీద జారుతుంది. కాబట్టి లెక్క ఏంటంటే, ఇసుక రాకముందు శుభ్రమైన బండ మీదే స్పీడు తగ్గించుకోవాలి, ఇసుక మీదికి వచ్చేసరికి రెండు లివర్లూ దాదాపు వదిలేసి, సైకిల్‌ని నిటారుగా ఉంచి దాటేయాలి. మలుపులో బ్రేకు కాదు, మలుపుకి ముందు బ్రేకు. మీరు మలుపులోకి వచ్చాక పట్టారు. నిజంగా వెనక బ్రేకే అయినా అక్కడ పట్టడం తప్పే.

ఇంకోటి. మీరు రోడ్డు సైకిల్ తొక్కేవాళ్లు కాబట్టి సీటు ఎత్తుగా పెట్టుకుని, దాని మీద కూర్చునే దిగి ఉంటారు. కిందికి దిగేటప్పుడు సీటు నాలుగు వేళ్లు దించి, లేచి నిలబడాలి. పెడళ్లు రెండూ నేలకి సమానంగా, ఒక పాదం ముందు ఒకటి వెనక. మోకాళ్లు, మోచేతులు వదులుగా వంగాలి, బరువు పాదాల మీద ఉండాలి, మడమలు కొంచెం కిందికి. హ్యాండిల్‌ని కోడిపిల్లని పట్టుకున్నంత పట్టుకుంటే చాలు. నడుము బాగా వెనక్కి తోసేయమని చాలామంది చెబుతారు. నిటారుగా పడిపోయే చోట సరే గానీ, మామూలు దిగుడులో మరీ వెనక్కి పోతే ముందు చక్రం మీద బరువు లేక మలుపులో అదే జారుతుంది. కళ్లు వెళ్లాల్సిన చోట ఉండాలి. రాయిని చూస్తే రాయి మీదికే పోతాం, ఇది ఎందుకో తెలీదు గానీ తొక్కే ప్రతివాళ్లకీ అనుభవమే.

మీ ఫ్రెండ్ అన్నదాంట్లో సగం నిజం ఉంది. మరీ నెమ్మదిగా పోతే చక్రం ప్రతి రాయికీ తట్టుకుని ఆగుతుంది, కాస్త వేగం ఉంటే అదే రాయి మీంచి దొర్లిపోతుంది, సైకిల్ కూడా నిలకడగా ఉంటుంది. కానీ ఆ వేగం ఎక్కడ సరిపోతుందో, ఎక్కడ తగ్గించాలో తెలిసినవాడికే అది పనికొస్తుంది. మొదటిసారి వచ్చినవాడికి, అదీ పడి చెయ్యి పట్టుకుని కూర్చున్నవాడికి చెప్పే మాట కాదు. ఒడ్డున కూర్చుని ఈత గురించి చెప్పినట్టుంది.

నాకు గుట్టలు నేర్పింది కూడా ఒక ఫ్రెండే. వికారాబాద్ దగ్గర అనంతగిరి వైపు మొదటిసారి వెళ్లినప్పుడు, ఎర్రమట్టి దారి, నేను వెనకబడి కాళ్లు వణుకుతూ వచ్చేవాణ్ని, ప్రతి చీలిక దగ్గరా వాడు సైకిల్ దిగి నిలబడి ఉండేవాడు. అది చాలామంది చేస్తారు. వాడు చేసినది ఇంకోటి ఉంది. నేను చేరగానే బయల్దేరేవాడు కాదు. నేను నీళ్లు తాగి, మూత పెట్టి, ఊపిరి మామూలయ్యి, "పద" అనేదాకా హ్యాండిల్ మీద చెయ్యి కూడా వేసేవాడు కాదు. చిన్న విషయంలా కనిపిస్తుంది. వెనకొచ్చినవాడు చేరగానే ముందువాడు కదిలితే ముందువాడికి ప్రతిచోటా ఐదు నిమిషాల విశ్రాంతి, వెనకవాడికి రోజంతా సున్నా. అలసినవాడే పడతాడు. మధ్యాహ్నం అయ్యేసరికి తొక్కేది కాళ్లు కాదు, మొండితనం, ఆ మొండితనంతోనే మీలా "వాణ్ని అందుకోవాలి" అని వదిలేస్తాం. ఇద్దరు వెళ్లినప్పుడు వెనకవాడి స్పీడే ఆ రోజు స్పీడు. ఇది మీ ఫ్రెండ్‌కి మొహమాటం లేకుండా చెప్పండి. ఆ మాటకి బాధేసిందని కూడా చెప్పండి. ఇంటర్ నుంచి ఉన్నవాడు, నెల రోజులు వెంటపడి మిమ్మల్ని ఆ గుట్ట పైకి తీసుకెళ్లినవాడు, చెబితే వింటాడు. చెప్పకుండా మనసులో పెట్టుకుంటే సైకిలూ పోతుంది, స్నేహమూ పోతుంది.

మళ్లీ వెళ్లొచ్చా అంటే, వెళ్లాలి. మణికట్టు గురించి డాక్టర్ సరేనన్నాక. మొదట గుట్టకి కాదు, ఏదైనా ఖాళీ మట్టి గ్రౌండ్‌కి వెళ్లి ఒక గంట ఒట్టి బ్రేకులే ప్రాక్టీస్ చేయండి, కాస్త కాస్త వేగం పెంచుతూ, ముందు బ్రేకు ఎంత పిండితే వెనక చక్రం తేలికవుతుందో వేలికి తెలిసేదాకా. తర్వాత అదే గుట్ట. ఆ మలుపు దగ్గర దిగి, సైకిల్ పక్కన పెట్టి, నడిచి చూడండి. ఎక్కడ బండ అయిపోయి ఎక్కడ ఇసుక మొదలైందో కనపడుతుంది. నడిచి దాటాలనిపిస్తే నడిచే దాటండి, అందులో తలవంపు ఏమీ లేదు. ఇంట్లో మీ ఆవిడకి "ఏం కాదులే" అని చెప్పకండి, ఆవిడ హెల్మెట్ చూశారు. ఎందుకు పడ్డారో తెలిసింది, దానికి ఏం చేస్తున్నారో చెప్పండి, మీరు ఎక్కడున్నారో తెలిసేలా వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెట్టి వెళ్లండి.

ప్రశ్న: మెహదీపట్నంలో డిగ్రీ చదువుతున్నాను. ఖాజాగూడ వైపు ఫ్రెండ్‌తో తొక్కడానికి వెళ్లిన ప్రతిసారీ ముల్లు దిగి పంక్చర్. మొన్న ఒకే రోజు రెండుసార్లు. లోపల ట్యూబ్ ఉన్న టైర్లే. ఏం చేయాలి అన్నా?

జవాబు: తమ్ముడూ, ఒకే రోజు రెండోసారి పంక్చర్ అయిందంటే చాలాసార్లు కొత్త ముల్లు కాదు, పాతదే. నాకూ ఇదే జరిగింది. ట్యూబ్ తీసి, కొత్త ట్యూబ్ వేసి, గాలి కొట్టి అరకిలోమీటరు పోయామో లేదో మళ్లీ గాలి పోయింది. అప్పుడు నాతో ఉన్న ఫ్రెండ్ టైరు విప్పి జేబులోంచి నూలు రుమాలు తీసి టైరు లోపలంతా మెల్లగా రుద్దుకుంటూ పోయాడు. ఒకచోట దారం పట్టుకుంది. అక్కడ సర్కారు తుమ్మ ముల్లు, బయట కొస విరిగిపోయి కనపడట్లేదు, లోపల మాత్రం మిల్లీమీటరు పొడుచుకుని ఉంది. గోళ్లతో రాలేదు, నెయిల్ కటర్ కొసతో పట్టి లాగాడు. వేలితో తడిమి వెతక్కు, వేలికి దిగుతుంది. గుడ్డతోనే వెతుకు.

వానలు వెళ్లాక పల్లేరు కాయలు ఎండి దారి మీద పడి ఉంటాయి, ఎలా పడ్డా ఒక ముల్లు పైకే ఉంటుంది వాటికి. గడ్డిలో, దారి అంచుల్లో తొక్కకుండా నలిగిన దారిలోనే వెళ్తే సగం తప్పుతాయి. మిగతా సగానికి మందు ట్యూబ్‌లెస్. రిమ్ము, టైరు రెండూ దానికి పనికొచ్చేవైతే ట్యూబ్ తీసేసి సీలెంట్ అనే పాల లాంటి ద్రవం పోస్తారు, ముల్లు దిగిన రంధ్రంలో అదే గడ్డకట్టి మూసేస్తుంది. ముల్లు కనపడితే పీకి, ఆ చోటు కిందికి వచ్చేలా చక్రం తిప్పి కాసేపు ఆగితే చాలు. మన ఎండలకి లోపల ఆరిపోతుంది కాబట్టి రెండు మూడు నెలలకోసారి మళ్లీ పోయించుకోవాలి.

ఖర్చు కుదరకపోతే ట్యూబ్‌తోనే ఉండు, కానీ గాలి మరీ తగ్గించకు. గుట్టల్లో మెత్తగా ఉంటే బాగుంటుందని చాలామంది 20 పీఎస్ఐకి దించేస్తారు. ట్యూబ్ ఉన్నప్పుడు అలా చేస్తే రాయి తగలగానే ట్యూబ్ రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి పాము కాటులా పక్కపక్కనే రెండు రంధ్రాలు పడతాయి. రంధ్రం ఒకటైతే ముల్లు, రెండైతే గాలి తక్కువ, ఇది గుర్తుపెట్టుకో. నీ బరువుని బట్టి 30, 35 దగ్గర మొదలుపెట్టి చూడు. వాల్వ్ సన్నగా ఉండే రకమైతే, ప్రెస్టా అంటారు, రోడ్డు పక్క పంక్చర్ షాపులో మోటార్‌బైకులకి కొట్టే గొట్టం దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ దొరుకుతుంది, సైకిల్ షాపులో తీసుకుని వాల్వ్‌కే బిగించి ఉంచేయి. పంపు, ఒక ట్యూబ్, టైరు విప్పే లివర్లు, రుమాలు. ఇవి లేకుండా ఖాజాగూడ కాదు, పక్క వీధికి కూడా వెళ్లకు.

ప్రశ్న: తార్నాకలో ఉంటాను, టీచర్‌ని, 46 ఏళ్లు. మా అపార్ట్‌మెంట్‌లో నా స్నేహితురాలు, నేను కలిసి సైకిల్ కొనుక్కుని మట్టిదారుల్లో తొక్కుదామనుకుంటున్నాం. షాపతను ముందూ వెనకా రెండు సస్పెన్షన్లు ఉన్నదే తీసుకోమంటున్నాడు. ఈ వయసులో మొదలుపెట్టడం తప్పు కాదు కదా?

జవాబు: తప్పు కాదు మేడమ్, ఇద్దరు కలిసి మొదలుపెట్టడం ఇంకా మంచిది. మీకు బీపీ, షుగరు, మోకాళ్ల నొప్పి ఏదైనా ఉంటే ఒకసారి డాక్టర్‌తో మాట్లాడండి, అంతే.

షాపతని మాట మాత్రం వినకండి. నిజంగా పనిచేసే డబుల్ సస్పెన్షన్ చాలా ఖరీదు. తక్కువ ధరలో వచ్చేవాటికి వెనక పెట్టేది మామూలు స్ప్రింగు, సైకిల్ బరువెక్కుతుంది, మీరు పెడల్ తొక్కిన ప్రతిసారీ అది కిందికీ పైకీ ఊగి మీ బలాన్ని తినేస్తుంది. ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న హార్డ్‌టెయిల్ తీసుకోండి, డబ్బు మంచి డిస్క్ బ్రేకుల మీద, 2 అంగుళాలకి పైబడిన వెడల్పు టైర్ల మీద పెట్టండి. అన్నిటికంటే ముఖ్యం ఫ్రేమ్ సైజు. నేల మీద రెండు కాళ్లు ఆన్చి నిలబడితే పైన ఉండే అడ్డరాడ్‌కీ మీకూ మధ్య మూడు నాలుగు వేళ్ల ఖాళీ ఉండాలి, రాళ్లలో హఠాత్తుగా దిగాల్సి వస్తుంది కాబట్టి. బ్రేకు లివర్లు మీ వేళ్లకి అందేలా దగ్గరికి జరపమనండి, చాలా లివర్లకి దానికి చిన్న స్క్రూ ఉంటుంది, చిన్న చేతులవాళ్లకి ఇది ఎవరూ చెప్పరు.

అసలు ఈ ఆట మొదలుపెట్టినవాళ్ల దగ్గర ఏ సస్పెన్షనూ లేదు. 1970లలో కాలిఫోర్నియాలో టమల్‌పైస్ అనే కొండ చుట్టుపక్కల గుట్టల మీంచి కొంతమంది కుర్రాళ్లు పాత బరువు సైకిళ్ల మీద దిగేవాళ్లు, బ్రేకు వెనక చక్రం ఇరుసులో ఉండేది, పెడల్ వెనక్కి తొక్కితే పడేది. కిందికి వచ్చేసరికి ఆ ఇరుసు వేడెక్కి లోపలి గ్రీజు పొగై పోయేదట, ప్రతిసారీ మళ్లీ గ్రీజు నింపాల్సిందే. అక్కడి ఒక దారికి రీప్యాక్, అంటే మళ్లీ నింపడం, అన్న పేరు అలాగే వచ్చింది, 1976లో అక్కడే పందేలు మొదలయ్యాయి. ఇరవై ఏళ్లు తిరిగేసరికి 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో మౌంటెన్ బైకింగ్ ఒక పోటీ అయింది. మంచి సైకిల్ వచ్చేదాకా ఆగాలని మీరు అనుకోకూడదనే ఇదంతా రాశాను.

మొదటి రెండు నెలలు గుట్టలు వద్దు, చదునైన మట్టిదారి చాలు. రిజర్వ్ ఫారెస్ట్ అయినా, యూనివర్సిటీ క్యాంపస్ అయినా గేటు దగ్గర అడిగి, అనుమతి ఉంటేనే వెళ్లండి. ఎండాకాలంలో ఎనిమిదిన్నరకల్లా ఇంటికి చేరేలా చూసుకోండి, ఏప్రిల్, మే నెలల్లో బండలు పొద్దున తొమ్మిదికే వేడి కక్కుతాయి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్. చెట్టు కింద కూర్చునేముందు, బండ సందులో చెయ్యి పెట్టేముందు చూసుకోండి. పాము కాటేస్తే కట్లు బిగించడం, కోయడం ఏమీ చేయకుండా ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. నేను ఇన్నేళ్లలో పాముల్ని చూసింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అవన్నీ మనల్ని చూసి పారిపోయేవే.

ప్రశ్న: వానాకాలంలో మట్టిదారుల్లో వెళ్లొచ్చా? – ఒక పాఠకుడు, వనస్థలిపురం

జవాబు: వాన పడుతున్న రోజు, మర్నాడు వద్దు. ఎండలో అంత పట్టునిచ్చే గ్రానైట్ తడిసి, నల్లగా పాచి పట్టిందంటే సబ్బు పూసినట్టే. చేవెళ్ల వైపు నల్లరేగడి దారులైతే ఇంకా కష్టం, పది అడుగులు పోయేసరికి మట్టి టైరుకి చుట్టుకుని ఫోర్కులో ఇరుక్కుని చక్రమే తిరగదు, సైకిల్‌ని భుజాన వేసుకుని రావాలి. పైగా తడి దారిలో తొక్కితే చక్రాల గాడులు పడతాయి, ఎండాక అవే గట్టిపడి ఏడాదంతా ఉంటాయి, ఆ దారిలో పొలానికి నడిచిపోయేవాళ్లు ఉన్నారు. రెండు మూడు రోజులు ఎండ కాసి మట్టి మీద పాదం గుర్తు పడనంత గట్టిపడ్డాక వెళ్లండి, మొరం దారులు వాన తర్వాత ఇసుక అణిగి ఏడాది మొత్తంలో అప్పుడే బాగుంటాయి. ఇంటికొచ్చాక చెయిన్ కడిగి, తుడిచి, ఆరాక ఆయిల్ వేయండి.

మియాపూర్ పాఠకుడికి ఇంకొక్క మాట: ఎక్స్-రేలో ఏమొచ్చిందో ఒక్క ముక్క రాయండి, ఎదురుచూస్తుంటాను.